పాట తెగిన చోట

మా మామ కొండలయ్యకు పక్షవాతం వచ్చింది తొంభై తొమ్మిది ఎండాకాలం మొదట్లో. నెల్లూరు ఆసుపత్రి నుంచి ఆయనను ఉదయగిరికి పంపకుండా ఆత్మకూరులో మా ఇంటికే తెచ్చుకున్నాం. కుడి చెయ్యి, కాలు నెమ్మదిగా స్వాధీనంలోకి వస్తున్నాయి గాని మాట పోయింది. ఒకే ఒక్క మాట మిగిలింది. "కాదు."

మంచినీళ్ళు కావాలా మామా అని అడిగితే "కాదు" అంటూనే గ్లాసు కోసం ఎడమ చెయ్యి చాపేవారు. వద్దేమోనని నేను గ్లాసు వెనక్కి తీసుకుంటే కోపంగా "కాదు, కాదు!" అనేవారు. ఎదుటివాళ్ళు చెప్పేదంతా ఆయనకు తెలుస్తోంది. తాను చెప్పబోయేది మాత్రం నోటిదాకా వచ్చేసరికి ఆ ఒక్క మాటగా మారిపోతోంది. మారిపోయిందని ఆయనకూ తెలుస్తోంది. అందుకే ఒక్కోసారి తన నోటి నుంచి ఆ మాట వినబడగానే గట్టిగా కళ్ళు మూసుకునేవారు.

ఆయన పోస్ట్‌మాన్‌గా చేసి రిటైరైన మనిషి. ఉదయగిరి నుంచి సీతారామపురం దిక్కు పల్లెలకు ఉత్తరాలు మోస్తూ, నడకలో పాటలు కట్టుకునేవారట. ఆదివారం చర్చిలో అవే పాడించేవారు. నేను కోడలిగా వెళ్ళిన కొత్తలో ఆ ఇంట్లో మాట ఆగిన క్షణం ఉండేది కాదు. మా అత్త నాగులమ్మదీ తక్కువ నోరేం కాదు. ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతూ, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ గడిపేవాళ్ళు.

ఇప్పుడు ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడుతోంది. ఎవరైనా చూడవచ్చి "ఎట్టుండావు కొండలయ్యా?" అంటే ఆయన పెదవులు కదిలేలోపే, "బాగుండాడు. నిద్ర పట్టినాది. పొద్దున ఇడ్లీ తిన్నాడు, చట్నీ వద్దన్నాడు," అని చెప్పేసేది. మామ మంచం మీద గోడ వైపు తిరిగిపోయేవారు. చూడవచ్చిన వాళ్ళు అత్తతోనే కాసేపు మాట్లాడి లేచిపోయేవాళ్ళు.

ఇంటి ముందుగదిలో నా కంప్యూటర్ సెంటరు ఉండేది. పెళ్ళికార్డులు, కరపత్రాలు తెలుగులో కొట్టి ఇచ్చేదాన్ని. పాత మిషను మరీ నిదానమైపోయిందని ఆ ఎండాకాలమే నెల్లూరులో కొత్తది కొన్నాం. దానికి సౌండ్ కార్డు, రెండు స్పీకర్లు ఉన్నాయి. కార్డుతో పాటు ఇచ్చిన సీడీలో ఒక సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. టేప్‌రికార్డరును వైరుతో కంప్యూటరుకు కలిపి క్యాసెట్ పెడితే, పాడుతున్న పాటను పాడుతున్నట్టే అది కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. ఆ మాట ఒకరోజు భోజనాల దగ్గర చెప్పాను.

మా ఆయన పాల్ సీతారామపురం హైస్కూల్లో టీచరు. ఎండాకాలం సెలవులకు ఇంట్లోనే ఉన్నాడు. అన్నం కలుపుతున్నవాడల్లా ఆగి నా వైపు చూశాడు.

"నాయన పాటల క్యాసెట్లు ఉదయగిరి ఇంట్లో ఉండాయి అనూ. నేను కాలేజీలో ఉండంగా క్రిస్మస్‌కి టేపులో పట్టినాను."

"పోయి తేరా," అంది అత్త వెంటనే. "బూజు పట్టి చెడిపోతాయి. ఆ గొంతు ఇంక ఆ డబ్బాల్లోనే కదా ఉండాది? అది గూడా పోనిస్తామా?"

అన్నాక గాని ఆమెకు గుర్తు రాలేదు, మామ పక్కగదిలో మేలుకునే ఉన్నారని. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

పాల్ మర్నాడే వెళ్ళి క్యాసెట్లు తెచ్చాడు. చాలావాటికి తెల్లగా బూజు పట్టి, చక్రాలు కదలనే లేదు. ఒక్కటి మాత్రం తిరిగింది, అదీ మధ్యమధ్య గరగరమంటూ. పాల్ దాన్ని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "మాటిమాటికీ వేస్తే ఇదీ పోతాది. ఒక్కసారికే ఎక్కించెయ్ అనూ."

ఒక్కసారికి ఎక్కలేదు.

ముందుగదిలో ఫ్యాను బాగా తిరుగుతుందని మామ మంచం అక్కడే కిటికీ పక్కన వేశాం. వైరు పెట్టగానే టేప్‌రికార్డరులో శబ్దం ఆగి, పాట కంప్యూటరు స్పీకర్లలో మోగడం మొదలైంది. హార్మోనియం, కంజిర, చర్చి జనం గొంతులు, వాటన్నిటి మీదుగా మామ గొంతు. అంత పెద్దగా, అంత నిబ్బరంగా ఉండేదన్న సంగతే మరిచిపోయాను. అత్త పెరటి వసారాలో చింతపండు పిక్కలు తీస్తోంది. కత్తి చప్పుడు ఆగిపోయింది. నేను వెనక్కి తిరిగి చూస్తే మామ గోడ వైపు తిరిగి ఉన్నారు.

మొదటి పాటలు బాగానే ఎక్కాయి. ఆ తర్వాతి పాట ఆయనకు బాగా పేరు తెచ్చినది.

"కొండ దారిలో కర్ర నీవే దేవా,
బీడు చేనికి..."

అక్కడ పాట తెగింది. తెర మొత్తం నీలమైపోయి, తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు కనబడ్డాయి. మిషను ఆపి మళ్ళీ వేస్తే, ఎక్కిందనుకున్నది కూడా లేదు.

వీధి మొగలో ఉన్న ఎస్టీడీ బూత్‌కు పోయి, నెల్లూరులో ఆ మిషను బిగించి ఇచ్చిన హరికి ఫోన్ చేశాను. "వోల్టేజి మేడం. మీ ఊర్లో కరెంటు సంగతి తెలిసిందే కదా," అన్నాడు. స్టెబిలైజరు పెట్టాం. మళ్ళీ "బీడు చేనికి" అన్నాక నీలం తెర. ఇంకోసారి ఫోన్ చేస్తే మెమొరీ కార్డు బయటికి తీసి రబ్బరుతో తుడిచి పెట్టమన్నాడు. పెట్టాను. సౌండ్ కార్డును పక్క స్లాటులోకి మార్చమన్నాడు. మార్చాను. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వెయ్యమన్నాడు. అదీ చేశాను. ఆ బూత్ నడిపే చెంచులక్ష్మి నన్ను చూస్తూనే "ఇంకా నయం కాలేదా మేడం?" అని అడిగేది, ఇంట్లో మనిషికి జబ్బు చేసినట్టు. నిజంగానే ఎవరి గురించి అడుగుతోందో నాకు మొదట అర్థమయ్యేది కాదు.

మధ్యాహ్నాలు కరెంటు ఉండేది కాదు. పొద్దున పూటే అంతా. రోజూ క్యాసెట్ మొదటికి తిప్పడం, పాటలు మొదలుపెట్టడం, ఆ చోటికి వచ్చేసరికి తెర నీలమవడం. టేపులోనే ఏదైనా లోపం ఉందా అంటే, వైరు పీకేసి వట్టి టేప్‌రికార్డరులో వేస్తే ఆ చోట గరగర కూడా లేదు, హాయిగా దాటిపోయింది.

"ఆ బీడు చేనికి ఈ జన్మలో వాన పడదులే," అంది అత్త వసారాలోంచి.

"ఆపేద్దాం అనూ," అన్నాడు పాల్. "పాట ఎక్కకపోతే పోనీ. టేపు అరిగిపోతా ఉండాది. నాయన గూడా రోజూ ఇదే వినాలంటే..." అని మంచం వైపు చూసి గొంతు తగ్గించాడు.

నాకు పట్టుదల వచ్చేసింది. ఆ మర్నాడు పాల్ బజారుకు వెళ్ళిన సమయం చూసి, ఇదే ఆఖరుసారి అనుకుంటూ మళ్ళీ పెట్టాను. పాటలు ఒకటొకటిగా నడిచాయి. నేను తెర వైపే చూస్తున్నాను.

"కొండ దారిలో కర్ర నీవే దేవా, బీడు చేనికి..."

నీలం తెర. చేతిలోని పెన్ను బల్ల మీద విసిరేశాను.

"...వాన నీవే."

మెల్లగా వినబడింది. గొంతులో కఫం అడ్డం పడ్డట్టు, కాని శ్రుతి తప్పకుండా.

వసారాలోంచి అత్త కేకేసింది. "ఏమ్మే, బాగయినాదా? పాట ముందుకు పోయినాదే!"

నేను స్పీకర్ల వైపు చూశాను. తెర ఇంకా నీలంగానే ఉంది. వెనక్కి తిరిగాను. మామ గోడ వైపు కాదు, నా వైపు తిరిగి ఉన్నారు. ఆయన ముఖంలో నాకంటే ఎక్కువ ఆశ్చర్యం.

"మామా," అన్నాను. "మీరేనా?"

"కాదు," అన్నారు ఆయన, తల అవునన్నట్టు ఊపుతూ.

అత్త చింతపండు చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏం జరిగిందో చెప్పాను. ఆమె నమ్మలేదు. మామ ముందు కూర్చుని, "చెప్పయ్యా, వాన నీవే. చెప్పు," అంది. ఆయన ప్రయత్నించారు. మెడ నరాలు ఉబ్బాయి. "కాదు" అనే వచ్చింది. పాల్ వచ్చాక తనూ అడిగి చూశాడు. "నాయనా, నాయనా, ఒక్కసారి పాడు." అంతమంది తన నోటి వైపే చూస్తుంటే ఆయనకు విసుగొచ్చి దుప్పటి ముఖం మీదికి లాక్కున్నారు.

"స్పీకరులోనే వచ్చుంటాది అనూ," అన్నాడు పాల్ జాలిగా.

మర్నాడు పొద్దున నేను క్యాసెట్‌ను మొదటికి తిప్పలేదు. ఒకటి, టేపు మొదలు మరీ అరిగిపోతోందని. ఇంకోటి, ఆ "బీడు చేను" చోటునే మిషను పట్టుకుంటోందా లేదా చూద్దామని. ఆ పాటతోనే మొదలుపెట్టాను. మామ వైపు ఎవరూ చూడొద్దని ముందే చెప్పాను. బీడు చేను దాటిపోయింది. పాట మొత్తం అయిపోయింది. ఆ తర్వాతి పాటలూ నడిచాయి. ఇంకెక్కడో, ఎవరూ అనుకోని చోట, "గొర్రెపిల్ల తప్పిపోతే..." అన్నాక తెర నీలమైంది.

చెప్పినట్టే ఎవరమూ మామ వైపు తిరగలేదు. ఫ్యాను చప్పుడు.

"...వెతికి వచ్చెను కాపరి," అని పాడారు మామ.

పాల్ కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. అత్త మాత్రం ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం నేను చూడటం అదే మొదలు.

మిషను లోపం కూడా ఆ మధ్యాహ్నమే బయటపడింది. కరెంటు వచ్చాక చేజర్ల వాళ్ళ పెళ్ళికార్డు ఒకటి కొట్టి సేవ్ చేయబోతే, స్థలం లేదని వచ్చింది. కొత్త మిషనులో స్థలం లేకపోవడమేమిటని లోపల చూశాను. నెల్లూరులో హార్డ్ డిస్కును రెండు గదులుగా చేసి ఇచ్చారు. మొదటిది చిన్నది, రెండోది పెద్దది. నేను ఫాంట్లూ, పెళ్ళికార్డుల బొమ్మలూ, పాత మిషనులోని సరుకంతా ఆ చిన్నదాంట్లోనే కుక్కేశాను. పెద్దది ఖాళీగా పడి ఉంది. టేపు తిరుగుతున్నంతసేపూ ఈ సాఫ్ట్‌వేర్ వచ్చిన పాటను వచ్చినట్టు ఆ చిన్న గదిలోనే దాచుకుంటోంది. అది నిండగానే మిషను కూలిపోతోంది. మళ్ళీ తెరిస్తే సగంలో ఆగిన ముక్కను తానే చెరిపేసి మొదలుపెడుతోంది. అందుకే మొదటి నుంచి పెడితే ఎప్పుడూ ఒకే చోట తెగింది. మధ్య నుంచి పెడితే అంతే దూరం పోయి ఇంకో చోట తెగింది. పాటలో ఏ లోపమూ లేదు.

పాటను పెద్ద గదిలో దాచుకోమని మార్చాను. మర్నాడు క్యాసెట్ అటువైపూ ఇటువైపూ ఒక్క అడ్డు లేకుండా మొత్తం ఎక్కింది. పాల్ చప్పట్లు కొట్టాడు. మామ కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. పెదవి కదపలేదు.

"ఏమ్మే," అంది అత్త నెమ్మదిగా, "బాగు చేసి చెడగొట్టినావే."

నాకూ మొదట అట్లాగే అనిపించింది. తర్వాత తట్టింది. ఇప్పుడు పాట కంప్యూటర్లో ఉంది. టేపు అరిగే భయం లేదు. నాకు ఎక్కడ కావాలంటే అక్కడ ఆపవచ్చు. మౌసు మీద వేలు పెట్టి, "కొండ దారిలో" అన్నాక ఆపేశాను.

"కర్ర నీవే దేవా," అన్నారు మామ.

ఆ తర్వాత నెల్లూరు వెళ్ళినప్పుడు డాక్టరుకు ఈ సంగతి చెప్పాం. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "కొందరిలో అట్టే ఉంటుందమ్మా. తలలో మాటకు ఒక దారి, పాటకు ఇంకో దారి. మాట దారి దెబ్బతినింది, పాట దారి ఉండాది. మంచి మార్గమే పట్టుకున్నారు. రోజూ పాడించండి. మెల్లగా పాటలోకి మాటలు దించండి," అన్నాడు.

మాటలు దించడం అంత తేలిక కాలేదు. ఆయనకు తెలిసిన చరణమైతే ఎక్కడ ఆపినా అందుకునేవారు. అదే వరుసలో కొత్త మాట పెడితే నోరు తడబడేది. "పొద్దు పొద్దున తాగేది..." అని నేను పాడి ఆగేదాన్ని. కాఫీ గ్లాసు ఎదురుగా ఆవిరి కక్కుతూ ఉండేది. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, "కాదు" అని, తల కొట్టుకునేవారు. కాఫీ చల్లారిపోయేది. పాల్ ఓపిక పట్టలేక గ్లాసు చేతికిచ్చేసేవాడు. ఒక పొద్దున మాత్రం నేను పాడి ఆగగానే, ఎడమ చేత్తో మంచం పట్టె మీద తాళం వేసి, "కాఫీ... నీవే" అన్నారు. తర్వాత ఏం అన్నారో తెలుసుకుని, మూతి ఒక పక్కకు వంగినా సరే, పెద్దగా నవ్వారు. ఆ ఎండాకాలంలో ఆయన నవ్వడం అదే మొదటిసారి.

అత్తకు ఒక అనుమానం పట్టుకుంది. "దేవుడి పాటలోకి కాఫీ, పులుసు తెస్తే తప్పు కాదంటావా?"

"దేవుడికి మటుకు ఆకలి తెలీదా అమ్మా?" అన్నాడు పాల్.

దాంతో ఆమె కూడా దిగింది. అత్తకు రాగం బొత్తిగా రాదు. ఏ పాట మొదలుపెట్టినా ఒకే పాటలా ఉండేది, అది ఏ పాటో కూడా తెలిసేది కాదు. "నీళ్ళు పోసుకుంటావా అయ్యా, ఉడుకు నీళ్ళు కాగినాయీ" అని ఆమె సాగదీస్తుంటే మామ చెవి మూసుకుని, వరుస సరిచేస్తూ తాను అందుకునేవారు. ఆమెకు పాట నేర్పడం కోసమైనా ఆయన నోరు విప్పాల్సి వచ్చేది. ఆమె కావాలని తప్పు పాడుతోందా అని నాకు అప్పుడప్పుడు అనుమానం వచ్చేది. అడగలేదు.

ఇంకో మార్పు కూడా జరిగింది. చూడవచ్చిన వాళ్ళు "ఎట్టుండావు కొండలయ్యా?" అంటే అత్త జవాబు చెప్పడం మానేసింది. పెదవులు బిగబట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఆమెకు అది ఎంత కష్టమో మాకు తెలుసు. మామ ఎంతసేపైనా తీసుకునేవారు. చూడవచ్చిన వాళ్ళు కాస్త ఇబ్బందిగా కదిలేవాళ్ళు. చివరికి ఆయన తాళం వేసి, "బాగుండానూ" అని రాగం తీసేవారు. వాళ్ళు తెల్లబోయి చూసేవాళ్ళు. అత్త గర్వంగా తల ఎగరేసేది.

బడులు తెరిచే రోజులు వచ్చాయి. పాల్ మళ్ళీ సీతారామపురం బస్సు పట్టాడు. చేతికర్ర ఊతతో మామ వీధి చివరిదాకా నడుస్తున్నారు. చర్చిలో పాడకపోయినా వెనక వరుసలో కూర్చుని తాళం వేస్తున్నారు. మాకు అంత చాలనిపించింది. అయినా ఒక సంగతి ఉంది. అప్పటిదాకా ఆయన అన్నవన్నీ మేము మొదలుపెట్టి ఆపితే అందుకున్నవో, ఎవరో అడిగితే బదులిచ్చినవో. తనంతట తాను ఒక్క మాట ఎత్తుకోలేదు.

ఒక ఆదివారం, పాల్ కూడా ఇంట్లో ఉండగా, చర్చి నుంచి వచ్చి మధ్యాహ్నం భోజనాలకు కూర్చున్నాం. అత్త వంకాయ పులుసు పెట్టింది. మామకు వడ్డించి, తాను ఎదురుగా పీట వేసుకుని విసనకర్ర విసురుతోంది. ఆయన ఎడమ చేత్తో ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. నమలడం ఆపారు. అత్త వైపు చూశారు.

"కా..." అని మొదలుపెట్టి, ఆపేసుకున్నారు. పెదవులు కదిలాయి. ఏదో వెతుక్కుంటున్నట్టు కాసేపు పైకి చూశారు. నేను నోరు తెరవబోతే పాల్ నా మోకాలి మీద చెయ్యి వేశాడు. మామ వేళ్ళు కంచం అంచు మీద తాళం అందుకున్నాయి. బీడు చేనికి వాన నీవే, ఆ వరుసలోనే ఉంది పాట.

"పులుసులోన ఉప్పు లేదే!"

ఎవరూ మొదలుపెట్టలేదు. ఎవరూ ఆపలేదు.

అత్త విసనకర్ర కింద పెట్టి లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఎంతకీ రాలేదు. నేను వెళ్ళి చూస్తే, ఉప్పు జాడీ పొట్టకు అదుముకుని అలమర వైపు తిరిగి నిలబడి ఉంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో వెనక నుంచి తెలియలేదు.

"అత్తా," అన్నాను.

"పెండ్లయిన్నాటి నుంచి నా వంటకు వంక పెట్టని పూట లేదు మే," అంది ఇటు తిరగకుండానే. "ఈ ఎండాకాలం అంతా ఏం పెడితే అది తిన్నాడు. ఎంత భయపడినానో నీకేం తెలుసు."

కొంగుతో ముఖం బాగా తుడుచుకుంది. జాడీలోంచి చిటికెడు ఉప్పు తీసి గుప్పిట మూసుకుంది. బయటికి వచ్చి, ఆ చెయ్యి వెనక దాచుకుని మామ ముందు నిలబడింది.

"ఏందయ్యా? నాకు సరిగ్గా వినపళ్ళా. ఇంకోసారి చెప్పు."

మామ ఆమెను కింది నుంచి పైదాకా చూశారు. కంచం కాస్త దగ్గరికి లాక్కుని, ఈసారి ఇంకా గట్టిగా తాళం వేస్తూ ఎత్తుకున్నారు.